పద్దెనిమిది అంగుళాల అదృష్టం

ద్వారక నుంచి ఫరీదాబాద్ కొండవాలుకి కారులో వెళితే పూట కూడా పట్టదు. మేము, అంటే నేనూ మా ఆయనా, మూడు రోజులు వెళ్లాం. దారి తప్పలేదు. కోటలూ గోరీలూ చూస్తూ ఆగిపోలేదు. టైర్లు చూశాం. ఢిల్లీకి వచ్చినవాళ్లంతా చూసేవి రాయడానికి వేరేవాళ్లున్నారు. ఎవరూ చూడని ఢిల్లీ ఒకటి చక్రాల ఎత్తులో ఉంటుంది, అది కనబడాలంటే రోడ్డు పక్కన గొంతుక్కూర్చోవాలి. నేను కూర్చున్నాను, యాభై రెండేళ్ల మోకాళ్లతో.

ముందు నా బండి సంగతి చెప్పాలి. నాకో పికప్ ఉంది. ముందు మనుషులకి గది, వెనక సరుకుకి తొట్టి. దాని వెనక ఒక ట్రైలర్ తగిలించి లాక్కెళ్తాను. ట్రైలర్‌లో రెండు పెద్ద రాతి గ్రైండర్లు, నీళ్ల ట్యాంకు, పిండి పోసే స్టీలు డ్రమ్ములు ఉంటాయి. కాలనీకి వెళ్లి, కరెంటు తీగ తగిలించుకుని, ఎవరి పప్పు వాళ్ల కళ్లముందే రుబ్బి ఇస్తాను. ఈ ఊళ్లో తెలుగువాళ్లు ప్యాకెట్ పిండితో విసిగిపోయి ఉన్నారు. నన్ను చూడగానే పిల్లలు కూడా "పిండిబండి ఆంటీ ఆ గయీ, వచ్చేసింది" అని పరిగెత్తుకొస్తారు.

ద్వారక: ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు

మా మరిది శ్రీధర్ గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచివాడే, అదే చిక్కు. బండి కొన్న కొత్తలో నాకు చెప్పకుండా ఓ ఆదివారం తీసుకెళ్లి, కంపెనీ ఇచ్చిన పదహారు అంగుళాల చక్రాలు తీయించేసి, పద్దెనిమిది అంగుళాల మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించుకొచ్చాడు. బహుమతి అన్నాడు. పద్దెనిమిదే ఎందుకయ్యా అంటే ఒకటీ ఎనిమిదీ కలిపితే తొమ్మిది. మా బండి నంబరు అంకెలు కలిపినా తొమ్మిదే. హైదరాబాద్‌లో అతనికి తెలిసిన అంకెల సిద్ధాంతి ఉన్నాడు, తొమ్మిదికి తొమ్మిది తోడైతే తిరుగుండదన్నాడట. పదహారైతే ఏడు, ఏడు కేతువుది, కేతువు అడ్డం పడతాడట. నంబరు ప్లేటు మీద తొమ్మిది కోసం వేలంపాటలు పాడే జాతి మనది. చక్రానిక్కూడా ఆ లెక్క వేసిన ఘనత మాత్రం మా ఇంటిదే అయ్యుంటుంది.

సంగతేమిటంటే, చక్రం మొత్తం ఎత్తు మారకుండా లోపలి రిమ్ము పెద్దదైతే చుట్టూ రబ్బరు తగ్గుతుంది. గారెకి చిల్లు పెద్దదైతే పిండి తగ్గినట్టే. ఆ పల్చటి రబ్బరు గోడ మీద నా పికప్పూ, దాని తోక మీద వాలే ట్రైలర్ బరువూ, రెండు రాతి గ్రైండర్లూ కూర్చోవాలి. పైగా ఆ టైర్లు కార్ల కోసం చేసినవి, మోయగల బరువు కంపెనీ టైరు కన్నా తక్కువని వాటి మీదే రాసి ఉంది. నేనీ మాట ఆ రోజే అన్నాను. పెళ్లికి ముందు అమలాపురంలో ఒక బస్సు డిపో స్టోర్సులో మూడేళ్లు టైర్ల సెక్షన్ గుమాస్తాగా చేశాను. ఆ సంగతి మా అత్తవారింట్లో అందరికీ తెలుసు. కానీ టైరు గురించి మాట వచ్చినప్పుడు ఎవరికీ గుర్తుకురాదు. "వదినా, లుక్ చూడండి ముందు" అన్నాడు శ్రీధర్. పైన పటారం, లోన లొటారం అనుకుని ఊరుకున్నాను.

ఊరుకున్నందుకు ఫలితం అక్టోబరులో దొరికింది. ఘాజియాబాద్ దగ్గర ఫ్లైఓవర్ దిగుతుంటే గుంతలో పడి, కుడివైపు వెనక టైరు గోడ చీలిపోయింది. ట్రైలర్ అటూ ఇటూ కొట్టుకుంది. బ్రేకు మీద కాలు వెయ్యకుండా, స్టీరింగు గట్టిగా పట్టుకుని, వేగం దానంతటది తగ్గేదాకా ఆగి పక్కకి తెచ్చి నిలిపాను. ట్రైలర్ తగిలించే కొక్కెం వంగిపోయింది, ట్రైలర్‌ని అక్కడే ఒక షెడ్డులో బాగుకి వదిలాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పక్క సీట్లో ఉన్న శ్రీధర్ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడాడు. "వదినా, అమ్మేద్దాం. ఈ వయసులో ఈ టెన్షన్ మీకెందుకు? పల్వల్‌లో ఒక పార్టీ ఉంది, బండీ ట్రైలరూ రెండూ తీసుకుంటాడు."

టైరు తప్పుకి డ్రైవరుని అమ్మేస్తారా? అదే అడిగాను. ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆలోచించారు. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో అధికారి, ఫైళ్ల మనిషి. "ఇద్దరి వాదనలోనూ సబబు ఉంది" అన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఏ తగువులోనైనా ఇంతకు మించి నోట్ రాయలేదు.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. కార్తీకమాసంలో ఆఖరి ఆదివారం తెలుగువాళ్ల వనభోజనాలు, ఫరీదాబాద్ అవతల అరావళి కొండవాలు మీద ఒక తోటలో. దోసెల పిండీ గారెల పిండీ నేనిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. ట్రైలర్ నిండా పిండితో, నేనే నడుపుకుంటూ, టైముకి ఆ కొండెక్కితే బండి నాది. ఎక్కలేకపోతే ఆ సాయంత్రమే పల్వల్ మనిషి అక్కడికే వచ్చి తీసుకెళ్తాడు. శ్రీధర్ అతన్ని ముందే రమ్మని చెప్పేశాడు. నేను ఎక్కలేనన్న నమ్మకం అంత గట్టిది.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. చీలిన చక్రం చోట కంపెనీవాళ్లిచ్చిన పాత స్టెప్నీ బిగించి ఉంది. శ్రీధర్ నాలుగు చక్రాలే మార్చాడు, కింద వేలాడే అయిదోదాన్ని మర్చిపోయాడు. అలా మూడు పద్దెనిమిదులూ ఒక పదహారూ వేసుకుని, ఒక కాలికి బూటూ ఒక కాలికి చెప్పూ తొడుక్కున్నట్టు, ఎడమపక్క లైన్లో నెమ్మదిగా పోయాం. మా ఆయన కూడి చూశారు. "మొత్తం డెబ్బై. అంటే ఏడే."

"కేతువు ముందే ఎక్కి కూర్చున్నాడన్నమాట. ఇంకేం భయం?" అన్నాను.

కరోల్ బాగ్: మేకపిల్ల

కరోల్ బాగ్‌లో చక్రాలమ్మే వీధి మన బంగారం కొట్ల వీధిలా ఉంటుంది. అద్దాల వెనక లైట్లు పెట్టి రిమ్ములు వరసగా వేలాడదీస్తారు. కొనేవాళ్లు ముందు దూరం నుంచి చూసి మురుస్తారు, తర్వాత ధర విని నిట్టూరుస్తారు, తర్వాత కొంటారు. మా వైపు బండికి ఏదైనా వేయించాలంటే ముందు మెకానిక్కుని అడుగుతాం. ఇక్కడ ముందు ఫొటో తీసుకుంటారు.

కొట్టు యజమాని నుదుట బొట్టు, చేతికి కడియం, నోట్లో తేనె. నేను అడిగాను, ఆయన మా ఆయనకి జవాబు చెప్పాడు.

"సర్‌జీ, పదహారు వద్దు. ఇరవై వేయండి. గాడీ హీరో లగేగీ."

"ట్రైలర్ లాగాలి. బరువు మోసే పదహారు కావాలి" అన్నాను.

"సర్‌జీ, మేడమ్‌కి చెప్పండి, పదహారు వేస్తే ఇంత పెద్ద గాడీ బక్రీ లగేగీ."

"మేకపిల్లలా ఉంటుందట" అని మా ఆయన నాకు అనువాదం చేశారు, పాతికేళ్లుగా నాకు హిందీ రానట్టు.

అప్పుడు నేను ఆ కొట్టు మధ్యలో నిలబడి, ఆయన గారాబంగా చూపించిన ఇరవై అంగుళాల చక్రం పక్కన చెయ్యి పెట్టి చూపించాను. రోడ్డుకీ రిమ్ముకీ మధ్య నా నాలుగు వేళ్లే పట్టాయి. "భయ్యా, మీ ఊళ్లో గుంత ఎంత లోతుంటుంది?" అన్నాను. ఆయన నవ్వాడు. మొదటిసారి నా వైపు తిరిగి నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. కొనలేదు. మేకపిల్లే కానీ, కొండెక్కేది మేకేనని చెప్పి వచ్చేశాను.

బయట సైకిల్ మీద ఇత్తడి గిన్నె పెట్టుకున్నతని దగ్గర ఛోలే కుల్చా, అంటే సెనగల కూరా మెత్తటి రొట్టే, తిన్నాం, ప్లేటు అరవై. మీద నిమ్మరసం, పచ్చిమిర్చి, అల్లం తురుము. మన ఇడ్లీలా ఎక్కడికక్కడ దొరికే పేదవాడి టిఫినే, కానీ రెండు కుల్చాలు తింటే సాయంత్రం దాకా ఆకలి మాట ఉండదు. మా ఆయన మూడోది తిన్నారు, మళ్లీ ఆ రోజు ఏమీ తినలేదు.

ట్రాన్స్‌పోర్ట్ నగర్: తాయి

లారీల పేటకి వెళ్లేసరికి మధ్యాహ్నం. నవంబరు పొగ ఆకాశాన్ని కిందికి లాగి పెట్టింది. ఈ రోజుల్లో పాత డీజిలు బళ్లని ఢిల్లీలోకి రానివ్వరు, మా బండి కొత్త రకం కాబట్టి బతికిపోయాం. ఇక్కడ చక్రాలకి లైట్లుండవు. టైర్లు రోడ్డు మీదే గుట్టలుగా ఉంటాయి, వాటి మీద మనుషులు కూర్చుని టీ తాగుతుంటారు.

అలా ఒక గుట్ట మీద ఘూంఘట్ ముసుగు వెనక్కి తోసుకుని కూర్చున్న ఓ పెద్దావిడ నా బండి చుట్టూ తిరిగి చూసింది. హర్యానా వైపు ఆవిడ. గేదెలని సంతలకి చేరవేసే పికప్పులు ఆరు ఉన్నాయట ఆవిడ ఇంట్లో. అందరూ ఆవిడని తాయి అంటున్నారు, అంటే పెద్దమ్మ. నేనూ తాయి అన్నాను.

"మూడు కాళ్లు పెళ్లికొడుకువి, ఒక కాలు కూలివాడిది" అని హిందీలో తేల్చేసింది తాయి. "ఇవన్నీ పీకించు. లారీ టైర్లు వేయించు, ఎత్తుగా ఉండేవి. రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టించు. నా గేదెలు అలాగే వెళ్తాయి, ఒక్కటీ పడలేదు."

ఈవిడ మాట కరోల్ బాగ్ మాటకన్నా నయం. అయినా నాకు ఒప్పుదల కాలేదు. లారీ టైరు నా బండి టైరుకన్నా చాలా ఎత్తు. చక్రం ఎత్తు పెరిగితే ఇంజిను అదే బలంతో ఎక్కువ దూరం తిప్పాలి, అంటే కొండ మీద లాగుడు తగ్గుతుంది, ఆపడమూ కష్టమవుతుంది. రాయిలా గాలి కొడితే నేలని ఆనేది టైరు నడుమ మాత్రమే. గేదెలు నిలదొక్కుకుంటాయి, పిండి నిలదొక్కుకోదు.

"తాయీ, గేదెకి నాలుగు కాళ్లున్నాయి. నా పిండికి లేవు" అన్నాను.

తాయి ముక్కు మీద వేలేసుకుంది. "ఇది ఎవరి మాటా వినేలా లేదు" అని మా ఆయనతో అంది.

"లేదండీ" అన్నారు మా ఆయన. అందులో ఫిర్యాదు ఉందో గర్వం ఉందో నాకు తెలియలేదు.

డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్తంభం మీద కంపెనీవాళ్లు అంటించిన చీటీ ఉంటుంది. ఏ సైజు టైరు వెయ్యాలో, ముందు ఎంత గాలి, బరువేస్తే వెనక ఎంత గాలి, అంతా అక్కడే ఉంటుంది. ఆ చీటీ చూడకుండా ఊరంతా నాకు సలహాలిస్తోంది. నేను కోరింది ఆ చీటీ మీద ఉన్న సైజే: పదహారు రిమ్ము, ఎత్తయిన గోడ. కాకపోతే సరుకు బళ్ల కోసం చేసిన రకం, మోయగల బరువు అంకె ఇంకా పెద్దదిగా ఉండేది. స్టెప్నీ విప్పించి, బోల్టుల కంతలు దాని మీద పెట్టి సరిచూసి, నాలుగు ఇనుప రిమ్ములు ఎంచాను. నల్లగా, మొద్దుగా, ఏ అందమూ లేకుండా ఉన్నాయి. నాకు ముద్దొచ్చాయి.

టైర్ల దగ్గర కొట్టువాడు మొదట తెచ్చినవి పక్కకి తోసేశాను. టైరు గోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి, అది తయారైన వారమూ ఏడూ. ఇవి నాలుగేళ్లుగా గోడౌన్లో ఎండినవి. "దీదీ, టైరు అచార్ కాదు, పాడవదు" అన్నాడు. పచ్చడి పాడైతే పారేస్తాం, టైరు పాడైతే మేమే పడతాం అన్నాను. లోపలికెళ్లి కొత్తవి తెచ్చి బిగించాడు. మెరిసే చక్రాలు నాలుగూ, చీలిన టైరుతో సహా, తొట్టిలో వేసి టార్పాలిన్ కప్పాం. ఎంతైనా బహుమతి, పారేయలేం కదా.

వచ్చేటప్పుడు తాయి నా చేతిలో బెల్లం గడ్డ పెట్టింది. మాట వినకపోయినా బెల్లం పెట్టే ఊళ్లు తక్కువ.

ఘాజియాబాద్: పుల్లని పూజ

రాత్రికి ఇల్లు చేరి, శనివారం పొద్దున ట్రైలర్ కోసం ఘాజియాబాద్ వెళ్లాం. బయల్దేరేముందు మా ఆయన బాల్కనీలోంచి ఉసిరి కుండీ తెచ్చి వెనక సీట్లో పెట్టారు. వనభోజనాలకి ఉసిరి చెట్టు కావాలి, అరావళి మీద ఉన్నవన్నీ తుమ్మలే. అందుకని ఏటా ఆ కుండీనే తోటలో పెట్టి అందరం దాని చుట్టూ కూర్చుని తింటాం. వనభోజనాల కార్యవర్గం మా ఆయనకి అప్పజెప్పిన ఏకైక బాధ్యత అది.

ట్రైలర్ కొక్కెం బాగుచేసిన షెడ్డు యజమాని త్యాగీజీ మా నల్లటి చక్రాలు చూసి ఏమీ అనలేదు. ఆ మౌనానికే ఆయన మీద గౌరవం పుట్టింది. వాళ్లావిడ సజ్జ రొట్టె మీద వెన్న ముద్ద పెట్టి, ముల్లంగి నంజుకోమని ఇచ్చింది. ముల్లంగి పచ్చిగా కొరుక్కు తినడం పాతికేళ్లయినా నాకు అలవాటు కాలేదు. వెన్న మాత్రం మొదటిరోజే అలవాటైంది.

కొత్త చక్రాలకి పూజ చెయ్యకుండా కదలనన్నారు మా ఆయన. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించాలి కదా. ఆ పేటలో నిమ్మకాయలు దొరక్క, గల్గల్ అనే పెద్ద దబ్బకాయల్లాంటివి తెచ్చారు. నేను బండి కదిలించగానే అవి టపటపా పేలి, పక్కన దణ్ణం పెట్టుకుని నిలబడ్డ ఆయన ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. త్యాగీజీ ఇంట్లో వాళ్లంతా గోడెక్కి చూశారు. వాళ్ల దగ్గర కొత్త బండికి వెనక పాత చెప్పు కడతారట, అందులో బట్టలు పాడవవు అని ఆయన ఓదార్చారు.

ట్రైలర్‌లో గ్రైండర్లు ఇదివరకు వెనక తలుపు దగ్గర ఉండేవి, జనానికి కనబడాలని. ఈసారి ఇరుసుకి కాస్త ముందుకి జరిపించాను. ఎంత మంచి టైరైనా తోక బరువుని తట్టుకోలేదు. గాలి చీటీ ప్రకారం కొట్టించాను, వెనక ఎక్కువ, ముందు తక్కువ. అప్పుడే శ్రీధర్ ఫోను. "వదినా, ఆ స్టీల్ రిమ్ములేంటి? అన్నయ్య ఫొటో పంపాడు. వాటర్ ట్యాంకర్‌లా ఉంది బండి."

"నీళ్ల ట్యాంకరు ఎప్పుడైనా దారిలో ఆగడం చూశావా శ్రీధర్?"

"ఆదివారం నేనూ మీ వెనకే వస్తాను. ఏదైనా అయితే డ్రైవర్ని రెడీగా పెడతాను."

"రా. వెనకే ఉండు" అన్నాను.

లక్ష్మీ నగర్: రుబ్బుడు

సాయంత్రానికి లక్ష్మీ నగర్‌లో మాకు తెలిసిన తెలుగు మెస్ ముందు ట్రైలర్ నిలిపి రుబ్బుడు మొదలుపెట్టాం. అక్కడ ఇడ్లీ ప్లేటు నలభై, చట్నీ ఎంతైనా వేస్తారు. కోచింగు సెంటర్లు వదిలే వేళ. పుస్తకాల సంచులతో వచ్చిన పిల్లలు గ్రైండరు చప్పుడు విని ఆగిపోయారు. ఢిల్లీలో ఈ చప్పుడు వినబడదు. నల్గొండ నుంచి వచ్చి సివిల్స్‌కి చదువుతున్న ఒకమ్మాయి ట్రైలర్ కొక్కెం దాకా వంగి చూసింది.

"అక్కా, ఇదంత నువ్వే గుంజుకొచ్చినవా?"

"నేనే. నువ్వూ గుంజచ్చు, పెద్ద పనేం కాదు."

"మా ఇంట్ల స్కూటీ గూడ ఇయ్యరక్కా."

"ఇయ్యరు. తీసుకోవాలి" అన్నాను. పక్కనే ఉన్న మా ఆయన దగ్గారు.

నవంబరు చలికి పిండి పులవడం మొండికేస్తుంది. డ్రమ్ములకి కంబళ్లు చుట్టి, మూడొంతుల్లో రెండొంతులే నింపాను. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు, ఖాళీ ఎందుకు వదలాలని మా ఆయన ఒక డ్రమ్ములో మిగిలిన పిండంతా పోసేశారు. తెల్లారి ట్రైలర్ తలుపు తీస్తే ఆ డ్రమ్ము మూత ఎత్తుకుని పిండి బయటికి చూస్తోంది. కనీసం పులిసిందని తెలిసింది.

కొండవాలు

ఆదివారం పొద్దున పొగమంచు కాదు, పొగే. ముందున్న లారీ వెనక లైట్లు పట్టుకుని బదర్‌పూర్ దాటాం. వెనక శ్రీధరూ వాళ్లావిడా ఉన్న కారు, హెచ్చరిక లైట్లు ఆన్ చేసుకుని మరీ వస్తోంది, అంబులెన్సులా. కొండదారి మొదలైంది. ఇంజిను గొంతు మారింది. నా పక్కన మా ఆయన, ఒళ్లో ఉసిరి కుండీ. వెనక సీట్లో దొర్లిపోతోందని ముందుకి తెచ్చుకున్నారు.

ఎత్తు నిటారుగా ఉన్న మలుపులో, ముందు పోతున్న కంకర టిప్పరు ఆగిపోయింది. దాటడానికి చోటు లేదు. నేనూ ఆగాను. ఆగడం ఒక ఎత్తు, అక్కణ్ణించి మళ్లీ కదలడం ఇంకో ఎత్తు. వెనక ట్రైలర్ బరువంతా కిందికి లాగుతోంది. నాకు భయమేసింది. భయపడలేదని రాస్తే అబద్ధం. ఆ పల్వల్ మనిషి మొహం ఎలా ఉంటుందో చూడకపోయినా కనబడింది.

ఫోను మోగింది. శ్రీధర్.

"వదినా, దిగిపోండి. ఇంజిన్ ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి దిగిపోండి. అరగంటలో డ్రైవర్ వస్తాడు. ఇదేం ప్రెస్టీజ్ ఇష్యూ కాదు."

"నీకు కాదు" అని ఫోను మా ఆయనకి ఇచ్చేశాను. ఆయన ఒక చేత్తో కుండీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నారు.

టిప్పరు దగ్గి, నల్లటి పొగ వదిలి, కదిలింది. నా వంతు. మొదటి గేరు. హ్యాండ్ బ్రేకు పట్టుకునే, క్లచ్చి నెమ్మదిగా వదులుతూ, బండి ముక్కు కాస్త పైకి లేచేదాకా ఆగాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. బండి ముందుకీ పోలేదు, వెనక్కీ జారలేదు. అప్పుడు వెనక టైర్లు బరువుని ఎత్తయిన గోడల మీదికి తీసుకున్నట్టు తెలిసింది. కాస్త కుంగాయి, నేలని పట్టుకున్నాయి. బ్రేకు వదిలాను. లాగింది. తూలలేదు, ఊగలేదు, చక్రం ఒట్టినే తిరగలేదు. అలవాటైన ఎద్దు కాడి ఎత్తుకున్నట్టు లాగింది. రెండో గేరు వేసేసరికి నేను ఏడుస్తున్నాను, కోపంతోనో దేనితోనో. మా ఆయన కుండీలోంచి ఒలికిన మట్టి ప్యాంటు మీద నుంచి దులుపుకుంటూ, "వచ్చే మలుపు ఎడమకి" అన్నారు మామూలుగా.

ఉసిరి కుండీ కింద

తుమ్మచెట్ల మధ్య ఉసిరి కుండీని నడుమ పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, చుట్టూ దుప్పట్లు పరిచారు. ఢిల్లీలో పుట్టిన పిల్లలు "యే ఛోటా సా పేడ్ హై", ఇది బుల్లి చెట్టే అని దాని చుట్టూ తిరిగారు. దోసెలు పడుతూనే ఉన్నాయి, గారెలకి బారు తగ్గలేదు. శ్రీధర్ నాలుగు దోసెలు తిన్నాడు, నాతో మాట్లాడకుండా. కారప్పొడి మాత్రం రెండుసార్లు అడిగాడు.

సాయంత్రం పల్వల్ మనిషి వచ్చాడు. ఒప్పందం ప్రకారం ఇక అతనితో పని లేదు, కానీ శ్రీధర్ వద్దని చెప్పడానికి మొహమాటపడ్డాడు. అతను బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్ని, ట్రైలర్ తలుపు తీసి చూసి, నా వైపు చూడకుండా మగవాళ్లిద్దరి దగ్గరికి వెళ్లి ఎంతకిస్తారని అడిగాడు. శ్రీధర్ నోరు తెరిచి, "అంటే భయ్యా, అసలు విషయమేంటంటే, మా వదిన..." అని నసిగాడు.

మా ఆయన చేతిలోని విస్తరి కింద పెట్టారు. "గాడీ బికావూ నహీ హై" అన్నారు. ఇద్దరి వాదనలోనూ సబబు ఉందనలేదు. పరిశీలిద్దామనలేదు. బండి అమ్మకానికి లేదు, అంతే. చెప్పి, విస్తరి తీసుకుని మళ్లీ గారె కొరికారు. ముప్ఫై ఏళ్లలో ఆయన రాసిన నోట్లన్నిట్లోకీ అది చిన్నది.

అంత దూరం వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదు. దోసె పెట్టాను. తింటూ తొట్టిలో టార్పాలిన్ ఎత్తి చూశాడు. మెరిసే చక్రాలు సాయంత్రం ఎండలో తళుక్కుమన్నాయి. అతని కళ్లు కూడా.

"ఎన్ని అంగుళాలు?"

"పద్దెనిమిది. టైర్లు మూడే బాగున్నాయి, ఒకటి చీలింది. తీసుకెళ్లండి, కానీ దేన్నీ లాగించకండి, కారుకి వేసుకోండి" అన్నాను.

అతను వేళ్ల మీద కూడుకున్నాడు. "అఠారహ్. నౌ బన్‌తా హై. అచ్ఛా హై." ఇతనికీ తొమ్మిదే మంచిదట.

శ్రీధర్ నా వైపు చూశాడు. "వదినా, అది నేనిచ్చిన గిఫ్టు."

"నాకిచ్చావు, నాదైంది. పట్టు ఒక చెయ్యి" అన్నాను. శ్రీధర్ చొక్కా చేతులు పైకి మడిచి, ఆ నాలుగూ ఒక్కొక్కటిగా దింపి అతని బండిలోకి ఎక్కించాడు. ఆఖరిది ఎక్కించాక వంగి, నా నల్ల చక్రం గోడని బొటనవేలితో నొక్కి చూశాడు. నేను టార్పాలిన్ మడిచాను.

చీకటి పడకముందే దుప్పట్లు దులిపి, డ్రమ్ములు కడిగి, ఉసిరి కుండీ ఎక్కించాం. శ్రీధర్ తన కారు తాళం వాళ్లావిడకి ఇచ్చి, వచ్చి మా పికప్ వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బండి ఎవరు నడుపుతారని ఎవరూ అడగలేదు.